‘పక్కకు జరుగు’ అనడం నేర్పిన మా అత్త

మా అత్త పోయిన కబురు నాకు షాపులో తెలిసింది. పోయిన నెలలో ఒక పొద్దున బల్ల మీద గుడ్డ దులుపుతూ ఉంటే నెల్లూరు ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. ముందు రోజు గుండెల్లో నొప్పిగా ఉందంటే తీసుకుపోయారు. “అమ్మ ఇంక లేదు. షటర్ దించేసి ఇంటికి పో. తీసకొస్తా ఉండాం” అన్నాడు.

సాయంత్రం ఆత్మకూరు వీధుల్లో మైకు కట్టిన ఆటో తిరిగింది. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి ప్రభువునందు నిద్రించారని చెప్పుకుంటూ పోయింది. అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా ఆమెను గుర్తుపట్టేది బస్టాండు దగ్గర పూల్ ఆట షాపు ఆమెగానే. ఆ మాట మైకులో రాలేదు. తరవాత పోయినామెను తలుచుకుంటూ జరిగిన ఆదరణ కూడికలోనూ రాలేదు. పొరపాటున రాకపోవడం వేరు, రాకుండా చూసుకోవడం వేరు. కూడికకు ముందు చర్చి సంఘపెద్ద ఒకాయన మా ఆయన్ని పక్కకు పిలిచి, “ఆ బల్ల సంగతి ఎత్తబాక నాయనా. పోయిన మనిషికి గౌరవంగా ఉండదు” అని చెప్పినాడు. ఆ సంఘపెద్ద కొడుకులిద్దరూ ఆ బల్ల దగ్గర పెరిగినవాళ్ళే.

ఇది స్మృతి. కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే, అవును, కోపంగానే రాస్తున్నాను. కోపం ఎవరి మీద రావాలో నాకు నేర్పిందే ఆమె.

మాది ఉదయగిరి. పెళ్ళయి ఆత్మకూరు వచ్చేనాటికి మా మామ లేడు. ఆయన కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, మద్రాసులో ఎవరో అమ్మేస్తున్న, కర్రతో బంతుల్ని గుంటల్లోకి కొట్టే పాత పూల్ బల్ల కొని, బస్టాండు వెనక ఒక గదిలో వేశాడు. కొన్నాళ్ళకే పోయాడు. బల్ల అమ్మి బర్రెలు కొనుక్కోమని బంధువులు అన్నారట. జెరాక్సు మిషన్ పెట్టుకోమన్నవాళ్ళూ ఉన్నారట. “బర్రెలకు గడ్డి వెయ్యాల. దీనికి గుడ్డ దులిపితే చాలు” అని మా అత్త ఆ షటర్ తానే ఎత్తింది. అక్కడ సిగరెట్ లేదు, బీరు లేదు, పందెం లేదు. తిట్లలో అమ్మనో అక్కనో తెచ్చినవాడి చేతిలోంచి ఆట కర్ర లాక్కుని బయటికి పంపేది. అయినా దాన్ని ఊరు క్లబ్బు అనే అన్నది. సంఘంలో స్త్రీల సమాజం కూటాల్లో ఆమె ప్రార్థన నడిపించేది. షాపు తీసిన తరవాత ఆ వంతు మెల్లిగా వేరేవాళ్ళకు పోయింది. ఎందుకని ఆమె అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆమె మాత్రం వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాటలు పాడేది.

మధ్యాహ్నం ఆమెకు అన్నం క్యారియర్ తీసుకుపోవడం నా పని. ఆమె తినేంతసేపు నేను బల్ల పక్కన నిలబడి, రంగు బంతులు ఒకదానికొకటి తగిలి విడిపోవడం చూసేదాన్ని. ఒకరోజు ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కర్ర నా చేతిలో పెట్టింది.

“పట్టుకో మే. ఊరికే చూస్తా నిలబడితే ఏమొస్తాది?”

ఆమె కూడా నలభై దాటినాకే నేర్చుకుంది. షాపులో ఎవరూ లేని పొద్దుటి పూట తనంతట తానే కొట్టి కొట్టి నేర్చుకుంది. అదే వేళకు నన్ను కూడా తీసుకుపోవడం మొదలుపెట్టింది. చీర కొంగు బొడ్లో దోపుకుని, ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, బొటనవేలి సందులో కర్ర ఎలా జారాలో చూపించేది. తెల్ల బంతిని కొట్టడం కాదు, దాన్ని పంపించడం అనేది. “పిల్లోడిని అంగటికి పంపిస్తాం జూడు, అట్ట. యాడికి పోవాల్నో, పోయినాక యాడ నిలబడాల్నో చెప్పి పంపాల.”

నాకు ఆట వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు కానీ తొందరగానే వచ్చింది. ఏడాది తిరిగేసరికి షాపుకు వచ్చే కుర్రాళ్ళలో నన్ను ఓడించేవాళ్ళు తగ్గిపోయారు. నెల్లూరులో పోటీ పెడుతున్నారని వాళ్ళే చెప్పి, నా పేరు ఇచ్చి వచ్చారు.

నేను చిన్నప్పటి నుంచి పదిమంది ముందు నోరు తెరవలేని దాన్ని. క్లాసులో హాజరుకు కూడా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. ఆ హాలులోకి అడుగు పెట్టేసరికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. కుర్చీలో కూర్చున్న మా అత్త ఇంకొకరు. నాకు ఎదురుపడింది నెల్లూరులో పేరున్న ఆటగాడు, నల్ల చొక్కా మనిషి. చక్కగానే ఆడతాడు. అది చాలదు అతనికి. నేను వంగి గురి చూసే ప్రతిసారీ నేను కొట్టబోయే గుంట వెనక వచ్చి నిలబడేవాడు. కర్ర మొదలుతో నేల మీద టకటక కొట్టేవాడు. ఒకసారి నేను చాలాసేపు గురి చూస్తుంటే, “తొందరేం లేదమ్మా. ఇంట్లో పొయ్యి మీద ఏమన్నా పెట్టొచ్చావేమో, అదొక్కటి చూసుకో” అన్నాడు. హాలంతా నవ్వింది. నా చెయ్యి ఎంత వణికిందంటే కర్ర కొన జారి, పడకూడని తెల్ల బంతే గుంటలో పడింది. దానికి ఇంకా నవ్వారు. నా బంతులు సగం బల్ల మీదే ఉండగా అతను చివర వెయ్యాల్సిన నల్ల బంతి కూడా వేసేసి ఆట ముగించాడు.

మా అత్త లేచి పోటీ నడిపేవాళ్ళ దగ్గరికి పోయి, ఆ మనిషి గుంటల వెనక నిలబడటం ఏమిటని అడిగింది. “ఇవన్నీ ఆటలో భాగమమ్మా. తట్టుకోలేనోళ్ళు రాకూడదు” అన్నారు.

ఈ మాట తరవాత నేను చాలా చోట్ల విన్నాను. ఆటలో భాగం. కర్ర పట్టుకోవడం ఆటలో భాగం, గురి ఆటలో భాగం. ఎదుటి మనిషిని పొయ్యి దగ్గరికి పొమ్మనడం ఎప్పుడు ఆటలో చేరింది? దాన్ని చేర్చింది ఎవరు? తట్టుకోవాల్సిన బాధ్యత ఎప్పుడూ ఒకవైపే ఉంటే అది ఆట ఎలా అవుతుంది?

అప్పుడు నాకు ఈ ప్రశ్నలు లేవు. నెల్లూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మా అత్త వేరుశనక్కాయల పొట్లం విప్పి ఒకటొకటే ఒలుచుకుంటూ అడిగింది.

“ఎందుకు ఏడస్తా ఉండావు? చెయ్యి వణికినందుకా, వాడు నవ్వినందుకా?”

“వణికినందుకే. నావల్ల కాదత్తా.”

“అదే నీ తప్పు. వణికింది నీ చెయ్యి. వణికించింది వాడు. మరి కోపం ఎవురి మింద రావాల?”

ఆమె ఇంకో కాయ ఒలిచి పప్పులు నా చేతిలో పెట్టింది.

“భయపడబాక అని నేను చెప్పను. నాకూ భయమే. మీ మామ పోయినాక మొదటిసారి షటర్ ఎత్తినప్పుడు బయట మొగోళ్ళందరూ నిలబడి చూస్తా ఉంటే కాళ్ళల్లో సత్తవ లేదు. ఎత్తినా. అంతే.”

మర్నాడు పొద్దున ఆమె స్టూలు తెచ్చుకుని నేను కొట్టబోయే గుంట వెనక కూర్చుంది. నేను వంగగానే స్టీలు గ్లాసు నేల మీద పడేసింది. దగ్గింది. మా పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టిన పప్పు పలచగా ఉందని అన్నది. నాకు వంట రాదని, నడక బాగుండదని, తన కొడుకుకు ఇంకా మంచి సంబంధాలు వచ్చినాయని అన్నది. అది ఆటకోసమేనని తెలిసి కూడా మండేది. రోజూ అదే వరస. షాపుకు వచ్చే కుర్రాళ్ళను కూడా పిలిచి ఏదో ఒకటి అనమనేది. వాళ్ళు సిగ్గుపడి, “అక్కా, ఏమనుకోబాక” అని ముందే చెప్పి తరవాత వెక్కిరించేవాళ్ళు.

ఒక పొద్దున ఆమె మా నాయన మాట ఎత్తింది. మా నాయనకు కాలు కొంచెం ఈడ్చి నడవడం అలవాటు. దాన్ని అనుకరించి చూపించింది. నేను కర్ర బల్ల మీద పెట్టేశాను.

“అత్తా, నువ్వు ఆణ్నుంచి లే. పక్కకు జరుగు.”

ఇంట్లో ఆమెతో ఎన్నడూ అలా మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె లేచింది. స్టూలు కూడా తీసి గోడవారగా వేసింది. ముఖంలో కోపం లేదు.

“ఈ మాట కోసమే మే, నేనిన్నాళ్ళు ఈడ కూసోనుండేది. మీ నాయన్ని అన్నందుకు నన్ను మన్నించు. ఆయన బంగారమట్టా మనిషి. అయితే పక్కకు జరగమని చెప్పను రానోళ్ళకు ఆట వచ్చినా రానట్టే.”

ఆ రోజు నుంచి ఆమె నేర్పిన వాటిలో సగం బంతికి సంబంధించినవి కావు. కర్ర కొన జారకుండా చాక్ సుద్ద రుద్దుకునేటప్పుడు నిదానంగా రుద్దుకోమనేది. “ఆ టైము నీది. వాళ్ళబ్బ సొత్తు కాదు.” చెయ్యి వణుకుతుంటే ఆపాలని చూడొద్దనేది. ముందు అరచెయ్యి బల్ల చెక్క మీద పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు వంగమనేది. “బంతికి నువ్వు ఎవురో తెలవదు. ఆడదానివో మొగోడివో, యా ఊరో దానికి పట్టదు. చుట్టూ నిలబడినోళ్ళకే అవన్నీ కావాల. నువ్వు బంతితో పెట్టుకో.”

మరుసటి ఏడు అదే హాలు. రెండో ఆటలోనే ఆ నల్ల చొక్కా మనిషి తగిలాడు. ఈసారి చొక్కా వేరు, మనిషి అతనే. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు. నేను మొదటి బంతికి వంగగానే వచ్చి గుంట వెనక నిలబడ్డాడు. నాకు మళ్ళీ భయమేసింది. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. నేను లేచి నిటారుగా నిలబడ్డాను.

“అన్నా, పక్కకు జరుగు.”

“ఆటలో ఇవన్నీ మామూలేనమ్మా.”

నేను వంగలేదు. చాక్ తీసుకుని నిదానంగా రుద్దుకుంటూ అతని వైపే చూస్తూ నిలబడ్డాను. పంచాయితీ చెప్పాల్సిన పెద్దమనిషి ఫ్యాను వైపు చూస్తున్నాడు. హాలులో ఎవరో ఈల వేశారు. అది ఆగింది. మా అత్త కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. నాకోసం ఆమె లేస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. లేవలేదు. లేవకపోవడమే ఆమె చేసిన సాయమని తరవాత అర్థమైంది.

“సరేలే, జరిగినాం” అని అతను రెండడుగులు పక్కకు వేశాడు.

నేను అరచెయ్యి చెక్క మీద పెట్టాను. ఊపిరి వదిలాను. బంతి వెళ్ళి పడింది. ఆ తరవాత అతను రెండుసార్లు వచ్చి నిలబడ్డాడు, రెండుసార్లూ జరగమన్నాను, జరిగాడు. మూడోసారి రాలేదు. పక్కకు జరిగినాక అతని ఆట కూడా గాడిలోంచి పక్కకు జరిగింది. తేలిక బంతులు తప్పాడు. నల్ల బంతి నేను వేశాను. మైకులో “అదృష్టం మన చెల్లెమ్మ వైపు ఉండాది” అని ప్రకటించారు. అతను గెలిచినప్పుడు ఎవరూ అదృష్టం మాట ఎత్తలేదు. ఆట తరవాత చెయ్యి చాపితే అతను ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

తరవాతి ఆటలో కావలి నుంచి వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి చేతిలో ఓడిపోయాను. అతను నేను వంగినప్పుడల్లా తనంతట తనే వెనక్కి జరిగి, ఊపిరి బిగబట్టినట్టు నిలబడేవాడు. నాకంటే బాగా ఆడాడు, గెలిచాడు. ఆ ఓటమికి నాకు బాధ లేదు. ఆటలో భాగమంటే అది.

ఇప్పుడు మళ్ళీ ఆదరణ కూడిక దగ్గరికి వస్తాను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. అణకువ గల గృహిణి అన్నారు. భర్త పోయినా ధైర్యంగా బిడ్డను పెంచిందన్నారు. దేనితో పెంచిందో ఎవరూ చెప్పలేదు. అణకువ అనే మాట విన్నప్పుడు మా ఆయన నా వైపు చూశాడు. నేను లేచాను. కోడళ్ళు మాట్లాడే వాడుక లేదని ఎవరో గొణిగారు. మైకు పట్టుకున్న చెయ్యి వణికింది. వణకనిచ్చాను.

“మా అత్త బస్టాండు దగ్గర పూల్ షాపు నడిపింది. ఆ బల్ల మీద వచ్చినదాంతోనే మేము అన్నం తిన్నాం. మీ పిల్లలు అక్కడ ఆడుకున్నారు. ఒక్కరైనా చెడిపోయినారేమో చెప్పండి. ఆమె నాకు ఆట నేర్పింది. భయపెట్టేవాళ్ళకు ఎదురు నిలబడటం నేర్పింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు చెప్పాల్సింది ఇదే” అని కూర్చున్నాను.

సంఘపెద్ద పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నాడు. అప్పుడు వరికుంటపాడు నుంచి వచ్చిన మా అత్త అక్క, చెవులు సరిగా వినపడని ముసలామె, “ఆమెన్” అన్నది. ఆమె ఎంత విన్నదో నాకు తెలియదు. నాకు అది చాలింది.

బల్ల అమ్మేయమని మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మం. పొద్దుటి పూట నర్సింగ్ చదివే ఆడపిల్లలు కొందరు వస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి తెల్ల బంతిని కొట్టే ముందు కళ్ళు మూసుకుంటుంది. ఆ అలవాటు పని పడుతున్నాను.

మా అత్తను శవపేటికలో చూశాను కానీ నాకు ఆ ముఖం గుర్తుకు రాదు. వచ్చేది ఆ రెండో ఏడు నెల్లూరు నుంచి తిరిగొస్తున్నప్పటి ముఖం. బస్సు కిటకిటలాడుతోంది. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది, నేను పక్కనే నిలబడ్డాను. నా కర్ర ఉన్న సంచిని రెండు మోకాళ్ళ మధ్య నిలువుగా పట్టుకుని కూర్చుంది. సంగం దగ్గర పెన్న గాలి లోపలికి కొట్టి జుట్టంతా రేగింది. వరి మళ్ళు పచ్చగా వెనక్కి పోతున్నాయి. ఎదురు సీటులో సంచులతో కూర్చున్న ఒక రైతు ఆ పొడుగు సంచిని చాలాసేపు చూసి, “అదేందమ్మా?” అని అడిగాడు.

ఆమె కిటికీలోంచి ముఖం తిప్పకుండానే చెప్పింది.

“మా కోడలిది.”