సారు జేబులోని మైకు

2022 వేసవి. కరోనాకు ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డ సీజన్ అది. చిక్కడపల్లి సందులో, మెట్ల కింద ఉన్న నా వీడియో షాపులో ఫ్యాను కింద కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి అయ్యేది కాదు. కెమెరా మోసి మోసి నడుము ఎప్పుడో పోయింది. అంతకన్నా ప్రాణం తీసేది బేరం. వచ్చినవాళ్లు ఫోన్లో ఎవరిదో పెళ్లి చూపించి అచ్చం ఇట్లనే తీస్తారా అంటారు. డ్రోన్ ఉందా, టీజర్ ఎప్పుడిస్తారు, స్లో మోషన్ పెడతారా. పెళ్లికూతురి మీద పూలు పడటం తప్ప పెళ్లిలో ఇంకేమీ జరగదన్నట్టు మాట్లాడతారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం విజయమ్మ గారు ఒంటరిగా వచ్చారు. కాపురం అశోక్ నగర్. భర్త యాదగిరి గారు అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్తారు. ఉన్న ఒక్క కూతురు శ్రావణి పెళ్లి, నారాయణగూడలో హాలు కుదిరింది. ఇప్పటికే నాలుగు షాపులు తిరిగానని, ఎక్కడా నచ్చలేదని చెప్పారు. ఇదీ అయ్యే బేరం కాదులే అనుకున్నాను.

హైలైట్ వేసి చూపించాను. హైలైట్ అంటే పెళ్లంతా కుదించి ఒక పాట మీద పేర్చిన చిన్న వీడియో. మాకు అన్నం పెట్టేది అదే. ఆవిడ సగంలోనే చెయ్యెత్తారు.

"జర పాట బంద్ చెయ్యన్నా. మాటలు వినిపియ్యి."

పాట ఆపితే ఇంకేముంటుంది, నా బొంద! అసలు శబ్దం మేం ఎడిటింగులోనే తీసి పారేస్తాం. ఆ మాటే చెప్పాను. అయితే కొయ్యనిది చూపించమన్నారు. లోపల విసుక్కుంటూ అంతకుముందు వారం తీసిన పెళ్లి రా ఫుటేజ్, అంటే కత్తెర పడని అసలు వీడియో, పెట్టాను. మేళం హోరు. దాని మీద నా అరుపులు. అమ్మా ఇటు చూడండి, సార్ పక్కకు జరగండి, బాబూ తాళి ఇంకోసారి పైకెత్తు.

"ఇందుల నీ గొంతు తప్ప ఇంకెవ్వలిది లేదు గదన్నా," అన్నారు ఆవిడ.

నాకు ఒళ్లు మండింది. గొంతులే కావాలంటే ఫోన్లో రికార్డు చేసుకోండమ్మా, దానికి వీడియోవాడెందుకు అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మెట్ల మీద ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పారు. యాదగిరి సారుకు గొంతులో క్యాన్సర్. పెళ్లయిన వెంటనే ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత ఆ గొంతు ఇక ఉండదు.

"ఫోన్ ముందల పెడితె పాఠం చెప్పినట్టు చెప్తడన్నా. క్లాసుల వీడియోలు మస్తున్నయి. అండ్ల సారున్నడు, మా ఇంటాయన లేడు. బిడ్డకు ఇంక చెప్పలే. తెలిస్తే పీటల మీద కూసోదు. నువ్వు కూడ నోరు జారకు."

నా విసుగంతా ఎటు పోయిందో తెలియదు. ఒప్పుకున్నాను. సారు లాల్చీ లోపల కాలర్ మైకు, జేబులో చిన్న రికార్డరు పెడదామన్నాను. కన్యాదానం దగ్గర పంతులుగారు చెప్పే మంత్రం తండ్రి తిరిగి పలకాలి కాబట్టి, ఆ కాసేపు మేళం ఆపిస్తే ఆయన గొంతు శుభ్రంగా దొరుకుతుందని లెక్క వేశాను. మేళంవాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించాను.

పెళ్లి రోజు పొద్దున్నే సారుకు మైకు తగిలించాను. గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి అరిగిందని చుట్టాలు అనుకుంటున్నారు. "ఏం మాట్లాడాలె నేను?" అని అడిగారాయన. మామూలుగా ఉండండి సార్, చాలు అన్నాను.

మండపం మీద నా కెమెరా ఆయన్ని వదల్లేదు. పెళ్లికూతురి వైపు నా అసిస్టెంటు ఉన్నాడు. అయినా శ్రావణి కనిపెట్టేసింది. "అన్నా, ఇది నా పెళ్లి వీడియోనా, మా నాన్న వీడియోనా?" అంది మెల్లగా. కెమెరా అటు తిప్పినట్టు చేసి, మళ్లీ ఇటే తిప్పుకున్నాను.

కన్యాదానం మొదలైంది. సారు ఒక్కో మాటా కూడబలుక్కుని పలుకుతున్నారు. మేళంవాళ్లు నా వైపే చూస్తూ ఊరుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపు పెళ్లికొడుకు మేనమామ, వీళ్లు నిద్రపోతున్నారనుకున్నాడో ఏమో, చెయ్యెత్తి వేలు ఊపాడు. మగపెళ్లివారు వేలు ఊపితే గట్టిమేళం వాయించాల్సిందే. డోలు విరుచుకుపడింది. కెమెరాలో సారు పెదవులు కదులుతున్నాయి, నా చెవుల్లో డోలు తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పగింతలప్పుడైనా ఏదో అంటారని ఆశపడ్డాను. దుఃఖంతో ఆయన నోరే పెగల్లేదు. విజయమ్మ గారు నా వైపు చూస్తే మొహం తిప్పేసుకున్నాను.

ఎడిటింగుకు కూర్చునే నాటికి సారు ఆపరేషను అయిపోయింది. ఆశ లేకుండానే రికార్డరు తెరిచాను. పెళ్లినాడు పొద్దుటి నుంచీ అది సారు జేబులో ఆడుతూనే ఉండింది. మామూలుగా అదంతా మేం వేస్ట్ అని తుడిచేసే సరుకే. కుర్చీలు లాగుతున్న చప్పుళ్లు, సాంబారు వేడిగా వడ్డించమని ఎవరికో చెప్పడం. తర్వాత ఒక తలుపు తెరిచిన శబ్దం.

"బిడ్డా, ఈ పాలు తాగు జల్ది."

"ముహూర్తం దాక ఏం తాగొద్దన్నది గద అమ్మ!"

"కండ్లు తిరిగి పడితె అమ్మ లేపుతదా? తాగు. మీ అమ్మకు చెప్పకు."

శ్రావణి కిసుక్కున నవ్వింది. గ్లాసు పెట్టిన చప్పుడు. మళ్లీ సారు గొంతు, "మూతి తుడ్చుకో," అని.

అంతే. విజయమ్మ గారిని పిలిపించి హెడ్‌ఫోన్లు ఇచ్చాను. అమ్మకు చెప్పకు అన్న చోట ఆవిడ పైకే నవ్వేశారు. "చూసినవా అన్నా, నాకే చెప్పొద్దంట!" అని, నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. తర్వాత కళ్లు తుడుచుకుని, మిగిలినదానికి ఏ పాటన్నా పెట్టుకో గానీ ఇక్కడ మాత్రం పెట్టకన్నా అన్నారు.

ఆ మాటలకు బొమ్మ లేదు. మూసి ఉన్న పెళ్లికూతురి గది తలుపు ఒక షాట్‌లో దొరికితే అదే పెట్టి, మాటలు ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను. పెన్ డ్రైవ్ తీసుకోవడానికి శ్రావణే వచ్చింది. అప్పటికి అంతా తెలుసు. తన పెళ్లిలో నాన్న చుట్టూ ఎందుకు తిరిగానో మళ్లీ అడగలేదు.

అప్పటి నుంచి ఏ శబ్దాన్నీ వేస్ట్ అని తుడవలేదు. బేరానికి వచ్చినవాళ్లను, డ్రోన్ సంగతి తేలాక, మీ ఇంట్లో ఎవరి మాట కావాలి అని అడుగుతాను. చాలామంది నన్ను వింతగా చూసి, టీజర్ ఎప్పుడిస్తారు అంటారు. సరేలెమ్మంటాను, ఈ నడుంతో వాదించే ఓపిక నాకు లేదు. కానీ పెళ్లి పొద్దున మాత్రం అమ్మాయి తండ్రిని ఒప్పించి జేబులో రికార్డరు పెడతాను. నేనేం మాట్లాడాలి అంటాడు ప్రతి తండ్రీ. ఏం లేదు సార్, పిల్ల తిన్నదో లేదో చూసుకోండి చాలు అంటాను.