నాలుగో చరణంలో నీళ్ల సీసా

పోయిన నెల మా చర్చిలో పాడిన పాటకి నేనొక కొత్త చరణం కట్టాను. కట్టినట్టు నాకే తెలీదు! ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది.

మాది ఆలూరు దగ్గర చిన్న పల్లె. బడిలో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఆదివారం చర్చిలో కీర్తనలు అందించడం ఇరవయ్యేళ్లుగా నా పని. అందించడమంటే మరేం లేదు. మా పెద్దవాళ్లలో సగం మందికి చదువు రాదు. నేను ఒక్కో వరుసా మామూలుగా చెప్తాను, వాళ్లు దాన్ని రాగంతో పాడతారు. ముందు చాప మీద కూర్చునే శాంతమ్మవ్వ అయితే, నా నోట్లోంచి మాట ఊడిపడ్డం ఆలస్యం, ఎత్తుకుంటుంది.

ఈ ఏడు మా యూత్‌వాళ్లు కీబోర్డు తెచ్చారు. గోడకి టీవీ బిగించారు. పాట టీవీలో పడుతుంది, అందరూ చూసి పాడాలి. చప్పట్లు, డ్రమ్ములు, ఒకటే హోరు. అందించడం క్యాన్సిల్!

అవ్వ రెండు వారాలు మూతి ముడుచుకుని కూర్చుంది. మూడో వారం రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, శనక్కాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఆ టీవీలో ఏముండాదో నాకేం తెలుస్తాది సారూ? అందరూ నోరు తెరుస్తాండారు, నేను మూసుకోని కూసుంటాండా. అదేదో ఈడనే కూసుంటే పోలా?"

కీబోర్డు వాయించే ప్రసన్న మొన్నే డిగ్రీ పూర్తి చేసింది. అయిదో తరగతి దాకా నా దగ్గరే చదివిన పిల్ల. ఆమె మాటలోనూ తప్పు లేదు. "మధ్యమధ్యలో మీరు వరుస చెప్తే బీటు తెగిపోతాది సార్. పాత పద్ధతే కావాలంటే మావాళ్లంతా ఆలూరు చర్చికి పోతామంటాండారు."

పాస్టరయ్య నన్ను పట్టుకున్నాడు. "మీకు ఓపిక ఎక్కువ సార్. ఈ ఆదివారం మీరే తేల్చాల. లేకుంటే మన చర్చి రెండు ముక్కలయితాది."

సరేనన్నాను. బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే కథ చెప్పి కలపడం నాకలవాటు. ఇక్కడా అదే పథకం. ముందు రెండు పాత కీర్తనలు. తర్వాత నేనే యూత్ పక్కన నిలబడి ఒక కొత్త పాట పాడతాను. సారే పాడుతున్నాడని అవ్వ మెత్తబడుతుంది. ఆపైన ఒకే కాడికి కట్టిన ముసలెద్దు, కోడెద్దు కథ. దాన్ని పాఠం లాగా నోట్సు రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

అవ్వ కూడా ఒప్పుకుంది. "నీ మొగం చూసి ఈ ఒక్క వారం వస్తా. మళ్లా నోరు మూసి కూసోబెడితివా, ఇంగ నన్ను పిలవొద్దప్పా."

చిక్కల్లా ఆ కొత్త పాటతోనే. మా యూత్‌వాళ్లే రాసుకున్నారు. 'బీడు నేల మీద వానవై రా దేవా' అని మొదలు. మాటలు సుళువే. రాగమే నాకు లొంగదు. నేను ఊపిరి తీసుకునే చోట చప్పట్లు పడతాయి, నేను చప్పట్లు కొట్టే చోట అందరూ ఊపిరి తీసుకుంటారు!

ఆదివారం అరగంట ముందే వెళ్లాను. ప్రసన్న నా కాలరుకి ఒక చిన్న మైకు తగిలించింది. "పాడేటప్పుడు ఈ స్విచ్చి నొక్కండి సార్. పచ్చలైటు వెలిగితే ఆన్ అయినట్టు." నొక్కి చూశాను. పచ్చగా వెలిగింది. భలే ఉందే అనుకున్నాను. మళ్లీ ఆర్పాలని మాత్రం తోచలేదు!

పాస్టరయ్య పక్క ఊళ్లో ఆరాధన ముగించుకుని రావాలి. ఇంకా రాలేదు. జనం వచ్చి కూర్చుంటున్నారు. నేను చాపలూ కుర్చీలూ పెట్టే గదిలో దూరి, తలుపేసి, టేబుల్ ఫ్యాను వేసుకున్నాను. అది తిరిగితే పిండిమర తిరిగినట్టే. ఎవరికీ వినపడదులే అని ధైర్యం. ఆఖరిసారి ప్రాక్టీసు.

కానీ ఇరవయ్యేళ్ల అలవాటు కదా, వరుస చెప్పుకోకుండా నా గొంతు పాటకి కదలదు. "బీడు నేల మీద వానవై రా దేవా" అని చెప్పుకుని, రాగం ఎక్కడ మొదలవుతుందా అని ఆలోచిస్తున్నాను. ఫ్యాను హోరులోంచి బయట పాట వినిపించింది. ఓహో, యూత్‌వాళ్లు ప్రాక్టీసు చేస్తున్నారు! రెండో వరుస చెప్పుకున్నాను. బయట మళ్లీ పాట. ఎంత చక్కగా నాతో కలిసి వస్తున్నారో అని మురిసిపోయాను కూడా. అలా మూడు చరణాలు గడిచాయి. ఆ తర్వాత గొంతు పట్టేసింది.

"గొంతు ఎండిపాయె. నీళ్ల సీసా యాడ పెడితినో!" అనుకున్నాను, పైకే.

బయట నుంచి రాగంతో: "గొంతు ఎండిపాయె..."

గబుక్కున ఫ్యాను ఆపాను.

"నీళ్ల సీసా యాడ పెడితినో..." చప్పట్లతో సహా!

కాలరు వైపు చూసుకున్నాను. పచ్చలైటు.

"అయ్యో దేవుడా!" అన్నాను.

"అయ్యో దేవుడా..." అని అందుకుంది సంఘమంతా.

మైకు ఆర్పి తలుపు తీశాను. అందరూ లేచి నిలబడి ఉన్నారు. ప్రసన్న ఒక చెయ్యి కీబోర్డు మీద, ఒక చెయ్యి నోటి మీద పెట్టుకుని ఊగిపోతోంది. అప్పుడే వచ్చిన పాస్టరయ్య గుమ్మంలో హెల్మెట్ పట్టుకుని తనూ పాడుతున్నాడు. ముందు అవ్వ, కళ్లు మూసుకుని, చప్పట్లు కొడుతూ.

అయిపోయింది, ఎగతాళి చేశాననుకుంటుంది, ఇక ఈ గడప తొక్కదు అనుకున్నాను. అవ్వ కళ్లు తెరిచింది.

"ఏమప్పా సారూ, ఆపితివే? పాట శానా బాగుండాది!"

ప్రసన్న నవ్వు ఆపుకుని, "సార్, మీరు వరుస చెప్తాంటే నేను కీబోర్డులో డ్రమ్ములు ఆపి ఒక్క స్వరం పట్టుకోని ఉంటి. బీటేం తెగలేదు సార్!" అంది.

అంతే! తేలిపోయింది. పాటలు వాళ్లవీ ఉంటాయి, మావీ ఉంటాయి. ఏదైనా సరే, అందించేది నేను. అమ్మయ్య అని అక్కడే కుర్చీలో కూలబడ్డాను. జేబులోంచి ఎద్దుల కథ తీయబోతే, "ఇంగ దాంతో పనిలేదులే సార్" అన్నాడు పాస్టరయ్య. అది ఇప్పటికీ జేబులోనే ఉంది.

ఇంటికి పోతూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పాటంతా ఒక ఎత్తు, ఆ నాలుగో చరణం ఒక ఎత్తు సారూ. గొంతెండినోడు నీళ్లకి ఎతుక్కున్నట్ల దేవుణ్ణి ఎతుక్కోవాలని ఎంత బాగా రాసినారప్పా! కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. రాసిన మారాజు ఎవరో?"

"ఎవరో మాస్టారంట అవ్వా" అన్నాను.

మరుసటి వారం ప్రసన్న ఆ చరణాన్ని టీవీలో కూడా ఎక్కించింది. నెల నుంచి సంఘమంతా గొంతెత్తి అడుగుతూనే ఉన్నాం. నా నీళ్ల సీసా మాత్రం ఇంతవరకూ దొరకలేదు!