గిర్ని మసి

మా గిర్ని ఇంజను విప్పి శుభ్రం చేసే రోజున ఊళ్ళో సగం మంది అక్కడే ఉండేవారు. దేవరకొండ బాట పక్కన మా మామగారు పెట్టిన పిండి గిర్ని అది. ఆయన పోయాక మా ఆయనే నడిపేవాడు. యుద్ధం ముగిసినా ఇంజనుకు మంచి నూనె దొరికేది కాదు. దొరికిందేదో పోస్తే అది నల్లటి పొగ కక్కుతూ నడిచేది. కొన్నాళ్ళకు లోపలంతా మసి పేరుకుని గట్టిపడి, జొన్నలు పోయగానే చక్రం బరువెక్కి నిలిచిపోయేది.

అప్పుడు ఇంజను మూత విప్పి, కట్టెను చెక్కి చేసుకున్న పలుచటి బద్దతో మసిని గీకేవాడు. ఇనుముతో గీకితే లోపల గీతలు పడతాయనేవాడు. పొగగొట్టాన్ని ఊడదీసి ఆముదపు కట్టెల మంటలో కాల్చి, చల్లారాక కర్రతో కొడితే మసి పెంకులు పెంకులుగా రాలేది. ఆ మసిని ఎవరూ పారేయనిచ్చేవారు కాదు. ఆముదంలో కలిపి బండి ఇరుసులకు కందెన పెట్టుకునేవారు. పలకలు నల్లగా చేసుకోవడానికి పిల్లలు డబ్బాలు తెచ్చుకునేవారు. హైదరాబాదులో కాలేజీ చదువు చదివి, పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకది జాతరలా కనిపించేది.

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి చలికాలం. కమ్యూనిస్టు దళాల కోసం గుట్టలు గాలించడానికి మా ఊరి దగ్గర కూడా మిలటరీ క్యాంపు పెట్టారు. గిర్ని చాలా రోజులు మూసే ఉంది. ఊరు కాస్త కుదుటపడిందనిపించి, ఒక ఉదయం మా ఆయన ఇంజను విప్పాడు. వాకిట్లో నుంచి చూస్తే గిర్ని కనిపిస్తుంది. ఏడాది నిండని మా పిల్లవాణ్ణి చంకనేసుకుని నేనూ వెళ్ళాను.

ఊళ్ళో బండి తోలే ముసలాయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. మా ఆయన ఆయన్ని మామా అని పిలిచేవాడు.

"జరంత ఎక్కువ పెట్టు అల్లుడా. నా బండి మొత్తుకుంటాంది."

"బండి కంటే నువ్వే ఎక్కువ మొత్తుకుంటున్నవ్ మామా."

"మొత్తుకోనా? గా కిర్రుకిర్రు ఇనలేక ఎడ్లు నన్ను ఇడిశిపెట్టి పోయేటట్టున్నయ్."

అందరూ నవ్వారు. మా ఆయన మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. పిల్లవాడు చేతులు చాపి ఆయన మీదికి దూకబోయాడు. "గా చేతులతోని పోరన్ని ముట్టకురా" అని మా అత్తమ్మ అరుస్తూనే ఉంది, ఆయన చిటికెన వేలితో వాడి అరికాల్లో దిష్టి చుక్క పెట్టాడు. "ఇగో, గింతే ముట్టిన."

ఎండ ఎక్కేసరికి క్యాంపు లారీ వచ్చింది. రాత్రి గుట్ట దగ్గర ఎవరో నాటుతుపాకి పేల్చారట. మగవాళ్ళందర్నీ చావడి ముందు వరసగా నిలబెట్టి చేతులు చూపమన్నారు. నాటుతుపాకిలో మందు కూరే వాళ్ళ చేతులు నల్లగా ఉంటాయని వాళ్ళ లెక్క. మా ఆయన కిరసనాయిలుతో రుద్ది, బూడిదతో కడుక్కునే వెళ్ళాడు. కానీ ఆ మసి గోళ్ళలోకి, చేతి గీతల్లోకి పట్టిందంటే కొన్నాళ్ళు పోదు. చేతులు నల్లగా ఉన్నవాళ్ళను పక్కకు లాగారు. మా ఆయన, మసి పట్టుకెళ్ళిన ముసలాయన, మరికొందరు. "గిర్ని మసి సాబ్, గిర్ని మసి" అని ముసలాయన చెబుతూనే ఉన్నాడు. ఆ సిపాయిలకు మా మాట రాదు.

మర్నాడు పిల్లవాణ్ణి ఎత్తుకుని, డబ్బాలో మసి పోసుకుని క్యాంపుకు వెళ్ళాను. అక్కడి ఆఫీసరుకు ఇంగ్లీషులో చెప్పాను, ఇది ఇంజను మసి, తుపాకి మందయితే భగ్గుమంటుంది, అంటించి చూడండి అని. ఆయన మర్యాదగానే విన్నాడు. అగ్గిపుల్ల గీసి డబ్బాలో పడేశాడు. మసి భగ్గుమనలేదు. పుల్ల దాని మీదే కాలి ఆరిపోయింది.

"ఇది మసే" అన్నాడు. "వాళ్ళ చేతులకున్నది కూడా ఇదేనని నాకెలా తెలియాలి?"

ఆ చేతులను చూపిద్దామంటే వాళ్ళక్కడ లేరు. తెల్లవారకముందే నల్లగొండకు పంపించేశారు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ నీళ్ళు కాచి ఉంచింది. ఎప్పటిలాగే సున్నిపిండితో పిల్లవాడికి స్నానం చేయించింది. అరికాలి చుక్క కరిగి నీళ్ళలో పోయింది.

వానలు పడ్డాక మా ఆయన తిరిగొచ్చాడు. ముసలాయన రాలేదు, జైల్లో జ్వరంతో పోయాడట. మా ఆయన చేతులు ఎన్నడూ లేనంత తెల్లగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేదు. అన్నానికి కూర్చోబోతుంటే అత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, "చేతులు సాపు కొడుకా" అంది. ఆయన రెండు అరచేతులూ పైకి తిప్పి, వేళ్ళు విడదీసి, మా ఎవరి వైపూ చూడకుండా ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. అత్తమ్మ నీళ్ళు పోయడం మరిచిపోయింది.

అప్పటినుంచి అంతే. ఎవరు గట్టిగా పిలిచినా చేతులు చాపుతాడు. గిర్ని వైపు వెళ్ళడు. విప్పిన ఇంజను విప్పినట్టే ఉంది. పిల్లవాణ్ణి ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. అందరూ పడుకున్నాక ఇది రాసుకుంటున్నాను. నా భయమంతా ఆయన కోసమే అనుకునేదాన్ని, నిన్నటి దాకా.

నిన్న పొద్దున పుట్నాలమ్మే మనిషి వాకిట్లోకి వచ్చి, "ఎవరున్నరు ఇంట్ల?" అని కేకేశాడు. మా ఆయన అరుగు మీద నుంచి లేచి చేతులు చాపాడు. పిల్లవాడికి ఇప్పుడిప్పుడే నడక వచ్చింది. తండ్రి పక్కన నిలబడి, ఆయన మొహంలోకి ఒకసారి చూసి, వాడూ రెండు అరచేతులూ పైకి తిప్పి, వేళ్ళు విడదీసి చాపాడు.

"అగ్గో, గిర్ని పటేలు కొడుకుకు ఆకలైతాంది" అని నవ్వి, ఆ మనిషి వాడి చేతుల్లో నాలుగు పుట్నాలు పోశాడు. తర్వాత పక్కనున్న పెద్ద చేతులు చూశాడు. వాటిలో ఏం పెట్టాలో అతనికి తోచలేదు.

నేను వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాను. పిల్లవాడు పుట్నాలు గబగబా నోట్లో వేసుకుని, మళ్ళీ చాపాడు.