తిప్పిన జేబులు

అలెగ్జాండ్రియా ట్రాము డిపో వెనక సందులో నవాల్ ఇస్త్రీ కొట్టు. ఆమెకి యాభై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు, పెళ్ళయితే ఎడమచేతికి మారాల్సిన నిశ్చితార్థపు ఉంగరం మాత్రం కుడిచేతికి అలాగే ఉంది. సందులో ఆడవాళ్ళు సాధిస్తే, "నా వేలు, మీకేం నొప్పి?" అనేది.

కొట్టుకి వాళ్ళ నాన్న ఇద్రీస్ పెట్టిన నియమం ఒకటుంది. జేబులో ఏది దొరికినా కాగితంలో చుట్టి, కాలరుకి గుండుసూదితో గుచ్చి తిరిగి పంపాలి.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆమెకి వ్యాను డ్రైవరు షాకిర్‌తో నిశ్చయమైంది. అతని వెండి ఉంగరం లోపల ఆమె పేరు, ఆమె బంగారు ఉంగరం లోపల అతని పేరు చెక్కించుకున్నారు. షాకిర్‌కి నోటి దురుసు. అందరూ మర్యాదకి 'బే' అని పిలిచే స్టేషన్ ఆఫీసరు తల్అత్‌కి మామూలు ఇచ్చేది లేదని నడిరోడ్డు మీద అనేశాడు. వారం తిరక్కుండా మాయమయ్యాడు. నవాల్ స్టేషన్‌కి వెళ్ళి అడిగితే తల్అత్ నవ్వాడు. "పడవెక్కి ఇటలీ పోయాడు, నిన్నొదిలేసి."

ఆ శుక్రవారం భోజనాల దగ్గర ఇద్రీస్ గొప్పగా చెప్పాడు.

"తల్అత్ బే యూనిఫాం జేబులో వెండి ఉంగరం దొరికిందే. కాలరుకి గుచ్చి పంపించేశా. మన కొట్లో ఎవరి సొమ్మూ పోదు."

"లోపల పేరుందా నాన్నా?"

"ఏదో గీసుంది. నాకు చదువొచ్చి ఏడిస్తేగా! అంచున చిన్న నొక్కు."

ఆ నొక్కు షాకిర్ వ్యాను తలుపు పడి అయింది. రొట్టెముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నాన్న నిజాయితీగా తీసుకెళ్ళి వాడి చేతుల్లోనే పెట్టాడు.

తర్వాతి వారం నుంచి తల్అత్ బట్టలు జేబులు బయటికి తిప్పి వచ్చేవి. నవాల్ వాటిని లోపలికి తోసి ఇస్త్రీ చేసేది. ఏళ్ళ తరబడి ఆ ఖాళీ జేబులే ఆమెకి కలలోకి వచ్చేవి. ఇద్రీస్ పోయాడు. తల్అత్ పెద్ద హోదాలో రిటైరయ్యాడు.

మొన్న చలికాలంలో అతని కోటు వచ్చింది. జేబులు తిప్పి లేవు. చేసిన పనే మరిచిపోయాడు! షాకిర్ పోయినప్పుడు కూడా నవాల్ అంత ఏడవలేదు. వేలికి సబ్బు రాసి తన ఉంగరం లాగింది. కాగితంలో చుట్టి ఆ కాలరుకి గుచ్చి పంపింది.

మర్నాడు చేతికర్ర పొడుచుకుంటూ అతనే వచ్చాడు.

"ఇది నాది కాదమ్మా."

"మీ లెక్కలోదే, బే. లోపల పేరు చదవండి."

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 

"ఎక్కడ పూడ్చారో చెప్పండి, చాలు. పండగ పొద్దున అందరూ తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతారు. నాకు పోవడానికి చోటు లేదు."

ఉంగరం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం అతని బట్టల మూట వచ్చింది. జేబులన్నీ మళ్ళీ బయటికి తిప్పి ఉన్నాయి.  ఈసారి నవాల్ వాటిని లోపలికి తోయలేదు. అతను ఇంకెప్పుడూ మరిచిపోకుండా, అలాగే ఇస్త్రీ చేసి, అలాగే పంపింది.