తాలుకాయ ఏది?

మాచర్ల దగ్గరి పల్లెల్లో కళ్ళు పరీక్షించడం అక్కడి అమ్మాయిలకే నేర్పేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కల్లంలో ఎండుమిరప రాశిలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ముసలమ్మను చార్టు దగ్గరికి పిలిచాం.

"నాకేంది, బానే కనపడతన్నయ్" అంది, చేతులు ఆపకుండానే. ఒక్క కాయ కూడా తప్పు పోవడం లేదు. ఎండకు విసుగెత్తి, తర్వాతి ఇంటికి పదమన్నాను.

నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆమె రాశిలోంచి ఒక ఎర్రకాయ, ఒక తాలుకాయ తీసి ముసలమ్మ ముఖం ముందు పట్టుకుంది.

"అమ్మమ్మా, ముట్టుకోకుండా చెప్పు. తాలుకాయ ఏది?"

ముసలమ్మ చెయ్యి చాచింది. అమ్మాయి కాయలు వెనక్కి తీసుకుంది. చాలాసేపు చూసి, ముసలమ్మ తల దించుకుంది.

టార్చి వేసి చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. తడిమి, కాయ బరువును బట్టి రంగు చెబుతున్న ఆ వేళ్ళను చూస్తూ నిలబడిపోయాను. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన పాఠాల్లో ఈ పరీక్ష లేదు.

"నీకెట్లా తట్టింది?" అని అడిగాను.

అమ్మాయి చార్టు చుట్టుకుంటూ చెప్పింది. "మా అమ్మమ్మ గూడా ఇట్టాగే ఏరేది సార్. చూపు మొత్తం పోయిందాకా మాకెవరికీ తెలవలా."