గట్టిమేళానికి ముందు

పెళ్లి పందిట్లో గట్టిమేళం మోగబోతుంటే నా కుడిచేతి వేళ్లు వాటంతటవే ఎడమవైపుకు తిరుగుతాయి. ఎవరైనా చూస్తారని పమిట కింద దాచుకుంటాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్ అయ్యాక నరసరావుపేటలో మా బాబాయి వీడియో షాపులో సాయంగా ఉండేదాన్ని. వెనక గదిలో రెండు వీసీఆర్‌లు. ఒకదాంట్లో పెళ్లి నడుస్తుంటే రెండోదాంట్లోకి ఎక్కేది. మధ్యలో గుండీ తిప్పి శబ్దం పెంచే, తగ్గించే మిక్సర్, దాని మీద గాజు వెనక ఒక సూది. సూది ఎర్రగీత దాటిందంటే క్యాసెట్ బరబరమంటుంది.

ఒకరోజు గురజాల నుంచి పెళ్లికూతురి తండ్రి క్యాసెట్ తిరిగి తెచ్చాడు.

"ఏందయ్యా, తాళి కట్టేటప్పుడు మోగింది మేళమా, పిండిమరా?"

"పందిట్లో అట్టాగే మోగింది గదన్నా," అన్నాడు బాబాయి.

"రేపు మాచర్లలో వియ్యాలవారు ఊరంతటినీ కూచోబెట్టి చూస్తారు. నన్ను నవ్వులపాలు చేయబాక. సాయంత్రం బస్సుకి పోవాల."

బాబాయి మళ్లీ ఎక్కించాడు. మేళం విరుచుకుపడగానే గుండీ ఎడమకు తిప్పి తగ్గించాడు కానీ, సూది అప్పటికే ఎర్రలో ఉంది. ముందే తగ్గించి పెడితే మంత్రాలు వినపడలేదు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. కొత్తవాళ్ల ముందు నేను నోరు విప్పను. అయినా అడిగాను.

"బాబాయ్, నేను తిప్పనా?"

ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, సూదిని వదిలేసి, టీవీలో పంతులుగారి చేతిని చూస్తూ కూర్చున్నాను. గట్టిమేళం సంగతి డోలు కంటే ముందు ఆయన చూపుడువేలికి తెలుస్తుంది. ఆ వేలు లేచింది. గుండీ ఎడమవైపుకు తిప్పాను. మేళం వచ్చిపడింది. సూది ఎర్రగీత దాకా ఎగిరి, అంచున వణికి, అక్కడే నిలబడింది. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయాను, తలంబ్రాల నవ్వులు పోకుండా.

ముందు గదిలో గురజాల పెద్దాయన ఆ చోటే రెండుసార్లు వేయించుకున్నాడు.

"ఇదిగో, మా ఆడమనిషి ఏడుపు గూడా వినపడతంది. మొన్నటిదాంట్లో లేదే. ఎవరు చేశారయ్యా?"

తల వంచుకున్నాను. కానీ బాబాయి పైకే చెప్పాలని మనసులో గట్టిగా కోరుకున్నాను.

"మా అన్న కూతురు," అన్నాడు బాబాయి.

పెద్దాయన క్యాసెట్ తువ్వాల్లో చుట్టుకుని, గడప దగ్గర ఆగి నాతో అన్నాడు.

"మాఘంలో మా చిన్నదాని పెళ్లమ్మా. మేళం కాడ నువ్వే కూచోవాల. మీ బాబాయిని చానా దూరంగా కూచోబెట్టు."