లేచి నిలబడిన పాపానికి

మా తెలుగు చర్చి సంఘంలో ఆరాధన కాస్త పొడుగ్గా సాగుతుంది. మధ్యలో బయటికి పోవలసివస్తుందన్న భయంతో ఆదివారం పొద్దున నేను మంచినీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. బీపీ మాత్ర మాత్రం మానేవాణ్ణి కాదు. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ ఉక్కకి గొంతెండిపోయి, వెనక బల్ల మీది నీళ్ళ కోసం చటుక్కున లేచాను.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు, క్రిస్మస్ పాటల బృందం బాధ్యత ఎవరు తీసుకుంటారో వాళ్ళని లేచి నిలబడమన్నారట. అది నా చెవిన పడలేదు. కళ్ళు చీకట్లు కమ్మి, చేతికందినదాన్ని పట్టుకున్నాను. అది, మేముండే డిగ్నాబాద్‌లో మా పక్కింటాయన చొక్కా కాలరు. ఓడల్లో వంటచేసి రిటైరైన ఆయన అప్పటిదాకా హాయిగా కునుకు తీస్తున్నాడు. ఉలిక్కిపడి ఆయనా లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే నేను కూలబడ్డాను.

కళ్ళు తెరిచేసరికి ఆయన నా మీదికి వంగి ఉన్నాడు.

“పడితే పడ్డావు భయ్యా, నన్నెందుకు లేపావు?” అన్నాడు.

మర్నాడు అబర్డీన్ బజార్‌లో డాక్టరమ్మ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే బాగా దిగిపోతోందట. మాత్ర మోతాదు తగ్గించి, నీళ్ళు బాగా తాగమంది. లేచేముందు కాసేపు కూర్చుని పాదాలు ఆడించమంది. ఆమె కూడా ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లే.

“లేవడానికి అంత జల్దీ ఏటి అంకుల్? కళ్ళు తిరిగితే సిగ్గూ షరమ్ లేకుండా కూర్చుండిపోండి,” అంది.

నా భార్య దాన్ని చట్టంలా అమలుచేసింది. లంబాలైన్ నుంచి వియ్యంకుడు వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేవకుండా, పాదాలు ఆడిస్తూనే నమస్కారం పెట్టాను. ఆయన ముఖం ముడుచుకుని, కాఫీ ముట్టకుండా గుమ్మందాకా వెళ్ళిపోయాడు. డాక్టరు చీటీ చూపించి మా ఆవిడే వెనక్కి తీసుకొచ్చింది.

నేనూ పక్కింటాయనా పాటల బాధ్యత కోసం లేవలేదని విన్నవించుకోబోతే, పిలుపు ఎన్ని రకాలుగానో వస్తుందన్నారు పాస్టరుగారు. మా ఇద్దరికీ శ్రుతి తెలియదు. నేను కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపేవాణ్ణి. పక్కింటాయన పాడలేనని ఒప్పేసుకుని, సాధన తన ఇంట్లో పెట్టించి, అందరికీ రొయ్యలు వేయించి పెట్టేవాడు. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలు కూడా మానకుండా వచ్చి, కూర్చునే పాడారు.

ఆ క్రిస్మస్‌కి మా పాటలు ఎలా ఉన్నాయో ఎవరూ అనలేదు. వచ్చే ఏడు కూడా మమ్మల్నే ఉంచాలని మాత్రం బృందమంతా పట్టుబట్టింది.